ఇంటి సౌరవిద్యుత్తుకు బ్యాటరీ అవసరమా?

ఇంటికప్పుపై పడు ఎండను విద్యుత్తుగా మార్చుకొనుట నేడు వింత కాదు. పట్టణములలోను, పల్లెలలోను మేడలమీద సౌరఫలకములు వరుసలుగా కానవచ్చుచున్నవి. 2024 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ప్రారంభించి, కోటి గృహములకు ఈ సౌకర్యము కల్పింపవలెనని సంకల్పించినది. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్క కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పునను, మూడవ కిలోవాట్‌కు 18,000 రూపాయలును, మొత్తము 78,000 రూపాయలకు మించకుండ సహాయధనము ఆ పథకమున నిర్ణయింపబడినది. ఈ సహాయము ఫలకముల సామర్థ్యమును బట్టి లెక్కింపబడునదే గాని బ్యాటరీకి వేరుగా లభించునది కాదు. అందువలన ఫలకములు బిగించుటకు వచ్చినవారు "బ్యాటరీ కూడ పెట్టింతురా?" అని అడిగినప్పుడు, గృహస్థు తన చేతి సొమ్ముతోనే దానికి సమాధానము చెప్పవలసియున్నది. ఆ సమాధానమును ఎట్లు ఆలోచించుకొనవలెనో ఈ ప్రసంగమున వివరింప ప్రయత్నింతును.

ముందుగా ఒక అపోహను తొలగించుకొనవలెను. మేడమీద ఫలకములున్నచో ఇక కరెంటు పోదని పలువురు తలంతురు. ఇది నిజము కాదు. సాధారణముగా మన ఇండ్లలో అమర్చునది వీధి తీగెలతో కలిసి పనిచేయు పద్ధతి. ఫలకములనుండి వచ్చు ఏకదిశా విద్యుత్తును ఇన్వర్టరు అను సాధనము ఇంటికి పనికివచ్చు ఏకాంతర విద్యుత్తుగా మార్చి, వీధి విద్యుత్తుతో లయ కలిపి ఇంటిలోనికి పంపును. వీధిలో కరెంటు ఆగిన తక్షణమే ఈ ఇన్వర్టరు కూడ తనంత తానుగా ఆగిపోవును. ఇది లోపము కాదు, రక్షణకై చేసిన ఏర్పాటు. వీధిలో కరెంటు లేదనగా ఎక్కడనో తీగె తెగియుండవచ్చును. స్తంభముపై లైన్‌మన్ పని చేయుచుండవచ్చును. ఆ సమయమున మన మేడమీది విద్యుత్తు వీధి తీగెలలోనికి ప్రవహించినచో అతని ప్రాణమునకు ముప్పు వాటిల్లును. అందుచేత ఎంత ఎండ కాయుచున్నను, వీధిలో కరెంటు వచ్చువరకు ఆ ఫలకములు నిరుపయోగముగా ఉండవలసినదే.

ఈ సంగతి తుపాను ప్రాంతములవారు ప్రత్యేకముగా గమనింపదగినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు స్తంభములు కూలి, తీగెలు తెగి, నగరమునందలి పెక్కు వీధులు దినముల తరబడి కరెంటు లేక ఉండిపోయినవి. తుపాను వెలిసిన పిమ్మట ఎండ కాయును. కాని బ్యాటరీ గాని, వీధితో సంబంధము తెంచుకొని నడువగల ఇన్వర్టరు గాని లేని ఇంటిలో ఆ ఎండవలన నీటి మోటారు తిరుగదు, దీపము వెలుగదు. బ్యాటరీ కావలెనా అను ప్రశ్న ఇచ్చటనే ఆరంభమగుచున్నది.

ఎండను విద్యుత్తుగా మార్చు విద్య, విద్యుత్తును దాచు విద్య వేర్వేరు త్రోవలలో పెరిగినవి. వెలుతురు పడినప్పుడు విద్యుత్తు పుట్టుటను ఫ్రాన్సు దేశీయుడు ఎడ్మండ్ బెకెరెల్ 1839లో కనుగొనెను. పనికివచ్చు సిలికాన్ సౌరఘటమును అమెరికాలోని బెల్ ప్రయోగశాల 1954లో ప్రదర్శించినది. అది తనపై పడిన ఎండలో నూటికి ఆరు పాళ్లు మాత్రమే విద్యుత్తుగా మార్చెను. నేటి మంచి ఫలకములు నూటికి ఇరువది పాళ్లకు పైగా మార్చుచున్నవి. మరల మరల నింపి వాడుకొనదగిన సీసపు బ్యాటరీని ఫ్రాన్సులోనే గాస్టన్ ప్లాంటే 1859లో నిర్మించెను. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో బజారునకు వచ్చినది. దానికి పునాది వేసిన గుడ్ఇనఫ్, విట్టింగ్‌హామ్, యొషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

బ్యాటరీ స్వభావమును తెలిసికొనుటకు మన చెరువును తలచుకొన్న చాలును. వాన కురియునది కొన్ని నెలలే. పైరునకు నీరు కావలసినది అంతకంటె ఎక్కువ కాలము. అందుచేతనే కాకతీయుల నాడు రామప్ప, పాకాల వంటి చెరువులు వెలసినవి. సౌరవిద్యుత్తు మధ్యాహ్నము సమృద్ధిగా పుట్టును. ఇంటిలో దీపములు, ఫ్యానులు, టెలివిజను ఎక్కువగా పనిచేయునది సాయంకాలము మొదలు. ఈ రెంటి నడుమ నున్న ఎడమును పూడ్చు చెరువు బ్యాటరీ. చెరువును గూర్చి మనము అడుగు ప్రశ్నలన్నియు దీనికిని వర్తించును. ఎంత నీరు పట్టును అనునది యూనిట్ల లెక్క. తూము ఎంత వెడల్పు అనునది కిలోవాట్ల లెక్క. చెరువు పెద్దదైనను తూము చిన్నదైనచో ఒక్కసారిగా ఎక్కువ నీరు రాదు. అట్లే అయిదు యూనిట్లు పట్టు బ్యాటరీ యున్నను, దాని ఇన్వర్టరు ఒక కిలోవాట్ మాత్రమే ఈయగలిగినచో నీటి మోటారును, ఇస్త్రీపెట్టెను ఒకేసారి నడుపజాలదు. తూము మట్టమునకు క్రిందనున్న నీరు పొలమునకు పారనట్లు, బ్యాటరీలోని కొంత విద్యుత్తును వాడుకొనరాదు. ఆవిరియై పోవు నీటివలె కొంత వ్యయమగును. ఏటేట పూడిక చేరి చెరువు చిన్నదగునట్లు బ్యాటరీ పట్టు సామర్థ్యము కూడ ఏటేట తగ్గును.

ఇపుడు లెక్కకు వత్తము. మన ఇండ్లలోని ఇన్వర్టరు ప్రక్కన సాధారణముగా ఉండునది 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీ. ఈ రెండు అంకెలను గుణించినచో 1,800 వాట్-అవర్లు, అనగా 1.8 యూనిట్లు వచ్చును. కాని సీసపు బ్యాటరీని ప్రతిదినము సగమునకు మించి ఖాళీ చేసినచో అది త్వరగా చెడును. కావున దానినుండి నిశ్చింతగా తీసికొనదగినది 0.9 యూనిట్ మాత్రమే. మరి ఇంటికి ఎంత కావలెను? సాయంకాలము నాలుగు గంటలు కరెంటు లేదనుకొందము. డెబ్బదియైదు వాట్ల ఫ్యానులు రెండు తిరిగినచో 0.6 యూనిట్, తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపములు నాలుగు వెలిగినచో సుమారు 0.15 యూనిట్, దినమునకు ఒక యూనిట్ తీసికొను ఫ్రిజ్‌కు ఆ నాలుగు గంటలలో సుమారు 0.17 యూనిట్. మొత్తము 0.9 యూనిట్‌కు కొంచెము పైన. ఆ ఫ్యానుల స్థానమున ముప్పది వాట్ల కొత్తరకపు ఫ్యానులు పెట్టినచో ఇదే పని 0.6 యూనిట్‌కు లోపలనే జరిగిపోవును. బ్యాటరీ పెంచుటకు ముందు వాడుక తగ్గించుట లాభకరమని దీనివలన తెలియుచున్నది. కాని ఒకటిన్నర టన్నుల ఎ.సి. యంత్రము రాత్రి ఎనిమిది గంటలు నడువవలెనన్నచో ఆరు మొదలు ఎనిమిది యూనిట్లు కావలసివచ్చును. "బ్యాటరీ ఎంత?" అను ప్రశ్నకు "దేనికి?" అను ప్రశ్నయే మొదటి సమాధానము.

రకములలో నేడు ముఖ్యమైనవి రెండు. మొదటిది సీసము, గంధకామ్లముతో పనిచేయునది. దానిలో ఒక్కొక్క ఘటము రెండు వోల్టులు. ఆరు ఘటములు చేరి పండ్రెండు వోల్టులగును. వెల తక్కువ, బాగుచేయువారు ప్రతి పట్టణమునను కలరు. కాని బరువు ఎక్కువ; శుద్ధజలము అప్పుడప్పుడు పోయుచుండవలెను; వేసిన నాలుగు పాళ్ల విద్యుత్తులో ఇంచుమించు మూడు పాళ్లే తిరిగివచ్చును. సామాన్యముగా మూడు మొదలు అయిదేండ్లలో మార్చవలసివచ్చును. రెండవది లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ. దీనియందు ఒక్కొక్క ఘటము 3.2 వోల్టులు. సామర్థ్యములో నూటికి ఎనుబది మొదలు తొంబది పాళ్లవరకు వాడుకొనవచ్చును. వేసినదానిలో నూటికి తొంబది పాళ్లకు పైగా తిరిగివచ్చును. నింపి ఖాళీ చేయుట కొన్నివేల పర్యాయములు తట్టుకొనును. నీరు పోయు శ్రమ లేదు. ప్రతి ఘటమును కనిపెట్టి, అతిగా నిండకుండ, అతిగా ఖాళీ కాకుండ కాపాడు ఎలెక్ట్రానిక్ సాధనము దానిలోనే యుండును. వెల మాత్రము అధికము. ఒక యూనిట్ సామర్థ్యమునకు వెల ఎంత అని పోల్చుటకంటె, వాడుకొనదగిన యూనిట్‌కు వెల ఎంత, అది ఎన్నేండ్లు మన్నును అని పోల్చుట న్యాయము.

బ్యాటరీ వలన సొమ్ము మిగులునా అనునది తరువాతి ప్రశ్న. ఇచ్చట నెట్ మీటరింగ్ పద్ధతిని అర్థము చేసికొనవలెను. మధ్యాహ్నము మన ఇంట మిగిలిన విద్యుత్తు మీటరు ద్వారా వీధిలోనికి పోవును. రాత్రి మనకు కావలసినది వీధినుండి వచ్చును. బిల్లు వేయునప్పుడు ఇచ్చినదానిని తీసికొన్నదానిలోనుండి తీసివేయుదురు. అనగా ధాన్యమును ఊరి గిడ్డంగిలో ఉంచి, కావలసినప్పుడు తెచ్చుకొనుట వంటిది. అద్దె లేని గిడ్డంగి యుండగా, ఇంటిలో మరియొక గాదె కట్టించుకొనినందువలన ధాన్యము పెరుగదు. యూనిట్‌కు యూనిట్ చెల్లుచున్నంత కాలము బ్యాటరీవలన బిల్లు తగ్గుట ఉండదు. పైపెచ్చు దానిలో వ్యయమగు విద్యుత్తు నష్టమే.

కాని వీధికిచ్చు యూనిట్‌కు తక్కువ వెల, వీధినుండి కొను యూనిట్‌కు ఎక్కువ వెల యున్నచోట లెక్క మారును. ఒక ఊహాచిత్రము తీసికొందము. అయిదు యూనిట్ల లిథియం బ్యాటరీ లక్ష రూపాయలనుకొందము. దానిలో ప్రతిదినము నాలుగు యూనిట్లు వాడి, నాలుగువేల పర్యాయములు నింపినచో, అనగా సుమారు పదునొకండేండ్లలో, మొత్తము 16,000 యూనిట్లు దానిగుండా వచ్చును. లక్షను పదునారువేలతో భాగించినచో యూనిట్ దాచుటకు 6 రూపాయల 25 పైసలు పడినవి. వీధినుండి కొను యూనిట్ ఎనిమిది రూపాయలు, మనము ఇచ్చు యూనిట్‌కు మూడు రూపాయలు అనుకొన్నచో, ఒక యూనిట్ తిరిగి తీసికొనుటకు 1.1 యూనిట్ వేయవలెను గనుక 3 రూపాయల 30 పైసలు వదలుకొని, ఎనిమిది రూపాయలు తప్పించుకొందుము. మిగులు 4 రూపాయల 70 పైసలు. దాచుటకైన ఖర్చు 6 రూపాయల 25 పైసలు. ఇది నష్టపు బేరమే. అదే బ్యాటరీ 60,000 రూపాయలకు దొరకినచో దాచు ఖర్చు 3 రూపాయల 75 పైసలకు దిగి, లాభము కనిపించును. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ బిల్లులోని అంకెలను, మీకు చెప్పిన వెలను ఈ చోట ఉంచి మీరే లెక్క వేసికొనవలెను. అప్పు చేసి కొనునపుడు వడ్డీని కూడ ఖర్చులో కలుపవలెను.

కాలమును బట్టి ధర మారు పద్ధతియు ఈ లెక్కను మార్చును. కేంద్ర ప్రభుత్వము 2023లో వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, ఎండ కాయు వేళ విద్యుత్తు చౌకగాను, గిరాకి ఎక్కువగానుండు వేళ ప్రియముగాను ఉండు ధరల పద్ధతికి త్రోవ ఏర్పరచినది. దీనికి స్మార్ట్ మీటరు అవసరము. మీ ప్రాంతమున మీ తరగతికి ఏ ధర వర్తించుచున్నదో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏటేట ప్రకటించు ధరల ఉత్తర్వులో చూచి తెలిసికొనవచ్చును. పగటి ధరకు, సాయంకాలపు ధరకు మధ్య భేదము పెరిగినకొలది బ్యాటరీ విలువ పెరుగును.

అయితే సొమ్ము ఒక్కటియే కొలబద్ద కాదు. ఏడాదికి ముప్పది పర్యాయములు మాత్రమే కరెంటు పోవు ఇంటిలో బ్యాటరీ యూనిట్‌కు పడు ఖర్చు మిక్కిలి అధికమగును. వాడకున్నను వయస్సు దానిని తగ్గించుచునే యుండును. అట్టి చోట దానిని భీమావలె చూడవలెను. భీమాకు కట్టిన సొమ్ము తిరిగిరానందులకు ఎవరును విచారింపరు. ఆపద రాకుండుటయే మేలని తలంతురు. ఇంతకును మీ ఇంట కరెంటు పోయినచో కలుగు ఆపద ఎంతటిది?

ఒక ఇంట వృద్ధుడు ప్రాణవాయు యంత్రముపై ఆధారపడియున్నాడనుకొందము. అట్టి యంత్రము సుమారు 350 వాట్లు తీసికొనును. పది గంటలు నడచుటకు 3.5 యూనిట్లు కావలెను. ఆ ఇంటికి బ్యాటరీ విలాసము కాదు. అయినను బ్యాటరీ నొక్కదానినే నమ్మక, నిండిన ప్రాణవాయువు సిలిండరును కూడ సిద్ధముగా ఉంచుకొనవలెను. ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో భద్రపరచు ఇల్లు, కుట్టుమిషను మోటారుతో జీవించు ఇల్లు, తుపాను తాకిడికి లోనగు సముద్రతీరపు ఇల్లు, కరెంటు తరచుగా పోవు గ్రామపు ఇల్లు కూడ ఇట్టివే. నగరమునందు కరెంటు అరుదుగా పోవుచు, నెట్ మీటరు యూనిట్‌కు యూనిట్ చెల్లించుచున్న ఇంటికి అంత అవసరము కానరాదు. ఇదివరకే ఇన్వర్టరు, సీసపు బ్యాటరీ యున్నచో, అది చెడువరకు దానినే వాడుకొనుట మంచిది. ఈ రెంటికిని నడుమ నున్నవారికి ఒక మధ్యమార్గము కలదు. వీధి కరెంటుతోను, బ్యాటరీతోను కూడ పనిచేయగల హైబ్రిడ్ ఇన్వర్టరును నేడు పెట్టించుకొని, బ్యాటరీని వెల తగ్గినప్పుడో, అవసరము పెరిగినప్పుడో చేర్చుకొనవచ్చును.

కొనదలచినవారు కొన్ని ప్రశ్నలను వ్రాతపూర్వకముగా అడుగవలెను. వాడుకొనదగిన యూనిట్లు ఎన్ని? ఒకేసారి ఎన్ని కిలోవాట్లు ఈయగలదు? మోటారు మొదలుపెట్టునపుడు లాగు అధిక విద్యుత్తును తట్టుకొనునా? హామీ ఎన్ని సంవత్సరములు, ఎన్ని పర్యాయములు, ఆ కాలము చివర సామర్థ్యము నూటికి ఎన్ని పాళ్లు మిగులును? కరెంటు పోయినప్పుడు ఇంటిలోని ఏ గదులు, ఏ సాధనములు వెలుగులోనుండును? ఎండ కాయుచున్నప్పుడు, వీధిలో కరెంటు లేకున్నను ఫలకములు బ్యాటరీని నింపునా? ఈ కడపటి ప్రశ్నకు స్పష్టమైన సమాధానము రాకుండ సొమ్ము చెల్లింపరాదు.

ఉంచు చోటును గూర్చి కూడ జాగ్రత్త వహింపవలెను. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవి ఎండ ఎట్లుండునో మనకు తెలియును. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినచో సీసపు బ్యాటరీ ఆయువు ఇంచుమించు సగమగును. లిథియంకు కూడ వేడి శత్రువే. కావున మేడమీది రేకుల గదిలో గాని, ఎండ తగులు గోడకు గాని బ్యాటరీ నుంచరాదు. నీడ, గాలి, పొడితనము కావలెను. సీసపు బ్యాటరీ నిండునప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడును, అది మండునట్టిది. దాని దగ్గర దీపము, అగ్గిపుల్ల పనికిరావు. మూసిన మెట్లక్రింది అరలోను, పడకగదిలోను దానిని ఉంచరాదు. దానిలో శుద్ధజలము తప్ప కొళాయి నీరు గాని, ఆమ్లము గాని పోయరాదు. ఏ రకమైనను పిల్లల చేతికందని చోట నుండవలెను. లిథియం బ్యాటరీ ఉబ్బినను, వాసన వచ్చినను వెంటనే వాడుక మాని, పనివారిని పిలువవలెను.

తుదకు బ్యాటరీ ఆయువు తీరును. సీసము విషపదార్థము, ముఖ్యముగా చిన్నపిల్లల మెదడునకు హాని చేయును. పాత బ్యాటరీని పగులగొట్టి సీసము కరగించుట ఇరుగుపొరుగువారికి కూడ అపకారము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము తయారీదారులు పాత బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయు బాధ్యత వహింపవలెను. కొత్తది కొనునాడే పాతదానిని ఎవరు, ఎంతకు తిరిగి తీసికొందురో నిర్ణయించుకొనుట ఉత్తమము.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. తుపాను హెచ్చరిక వినవచ్చిన నాడు దుకాణమునకు పరుగెత్తి బ్యాటరీ కొనలేము. అమ్మకందారుని ఒత్తిడికి లొంగి తొందరపడియు కొనరాదు. గత పండ్రెండు నెలల బిల్లులు ముందుంచుకొని, ఏడాదిలో ఎన్ని గంటలు కరెంటు పోయెనో, ఆ గంటలలో ఇంటిలో ఏది ఆగరాదో ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఆ కాగితమును ఇంటిల్లిపాది కూర్చుండి చదువుకొనునప్పుడు, మీకు బ్యాటరీ కావలెనో అక్కరలేదో, కావలెనన్నచో ఎంతది కావలెనో తేటతెల్లమగును. ఆ తరువాతనే దుకాణమునకు పోవుట మంచిది.